వైజాగ్‌కి ఒక్క లెన్స్ సరిపోతుందా?

ఫోన్‌లో మూడు కెమెరాలున్నాయి కదా, మళ్లీ మెడలో ఈ బరువెందుకు? కెమెరా కొంటానని ఇంట్లో చెప్పగానే ముందు వచ్చే ప్రశ్న ఇదే. న్యాయమైన ప్రశ్నే. బాడీ, లెన్స్ కలిపితే కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి నెలల జీతం పోతుంది. అంత డబ్బు పెట్టి తీసిన ఫొటో ఫోన్ ఫొటోలాగే ఉంటే ఆ ప్రశ్నకి మన దగ్గర జవాబుండదు.

జవాబు వెతకడానికి వైజాగ్ కంటే మంచి ఊరు లేదనిపించింది. ఈ ఊళ్లో దగ్గర, దూరం పక్కపక్కనే ఉంటాయి. మనిషి పట్టీపట్టని సబ్‌మెరైన్ లోపల నుంచి బయటికొచ్చి తలెత్తితే, సముద్రంలో లంగరేసిన ఓడ గోరంత కనిపిస్తుంది. చేపల వేలం దగ్గర చేయి చాపితే మనుషులు తగులుతారు. కొండెక్కితే పది కిలోమీటర్ల తీరం కళ్ల ముందు పరుచుకుంటుంది. అందుకే ఒక్క లెన్స్ పట్టుకుని రెండు రోజులు తిరిగాను. జేబులో పోటీకి ఫోన్ ఉంది.

లెన్స్ పేరు క్యానన్ ఈఎఫ్-ఎస్ 18-135 ఎంఎం ఐఎస్ యూఎస్‌ఎం. 2016లో 80డి కెమెరాతో పాటు మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌లో చేతులు మారుతోంది. మొదటిసారి కెమెరా కొనేవాళ్లకి ఎదురయ్యేది చాలాసార్లు ఇదే, లేదంటే దీని చుట్టాలే.

అంకెలు రెండు నిమిషాల్లో

లెన్స్ బరువు 515 గ్రాములు. ఫిల్టర్ సైజు 67 ఎంఎం. జూమ్ ఏడున్నర రెట్లు. క్యానన్ ఏపీఎస్-సి సెన్సర్ మీద దీని చూపు ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో దాదాపు 29 నుంచి 216 ఎంఎం వరకు ఉంటుంది. ఈ రెండు అంకెలు గుర్తుంచుకుంటే చాలు, మిగతా కథంతా వాటి చుట్టూనే.

చాలా ఫోన్ల మెయిన్ కెమెరా 24 నుంచి 26 ఎంఎం దగ్గర ఉంటుంది. అంటే ఈ లెన్స్‌ని ఎంత వెడల్పుగా తెరిచినా ఫోన్ కంటే కాస్త ఇరుకుగానే చూస్తుంది. వైడ్ కోసమే కొంటుంటే ఇక్కడే ఆగిపోవచ్చు. అసలు తేడా రెండో చివర. ఖరీదైన ఫోన్లలో 3ఎక్స్, 5ఎక్స్ టెలి కెమెరాలు వచ్చాయి. కానీ మనలో చాలామంది వాడే ధరలో మూడో కెమెరా అంటే 2 మెగాపిక్సెల్ మాక్రో. అది లెక్క పెంచడానికే!

తెల్లవారుజాము, ఫిషింగ్ హార్బర్

ఇంకా చీకటి వీడలేదు. మరబోట్ల మీద బల్బులు, కింద తడి నేల, ఐసు పొడి, గంపలు. వంజరం, చందువా, రొయ్యలు కుప్పలుగా పడుతున్నాయి. ఒక కుప్ప చుట్టూ పదిమంది చేరగానే పాట మొదలవుతుంది, మనం ఫోకస్ చేసేలోపు ముగుస్తుంది.

ఈ లెన్స్‌కి పెద్ద పరీక్ష ఇక్కడే. 18 దగ్గర అపర్చర్ ఎఫ్/3.5. 50 దగ్గరికి వచ్చేసరికి ఎఫ్/5 అవుతుంది, చివర ఎఫ్/5.6. అంటే జూమ్ చేసేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. స్టెబిలైజేషన్ నాలుగు స్టాపుల వరకు సాయం చేస్తుందని కంపెనీ లెక్క. అది మన చేతి వణుకుని ఆపుతుంది గానీ, గంప విసిరే చేతిని ఆపలేదు. ఆ చేయి స్పష్టంగా పడాలంటే షట్టర్ కనీసం సెకనులో 160వ వంతు ఉండాలి, దానికోసం ఐఎస్‌ఓ 6400 దాకా వెళ్లాలి. ఫొటోలో గింజలు కనిపిస్తాయి. ఫోన్ నైట్ మోడ్‌లో కట్టేసిన బోట్లు ఇంతకంటే శుభ్రంగా వచ్చాయి. మనుషులు మాత్రం దయ్యాల్లా సాగిపోయారు, ఎందుకంటే అది చాలా ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. కదలనివాటికి ఫోన్, కదిలేవాటికి లెన్స్. మార్కులు చెరిసగం.

చేపలు ఏరుతున్న ఒకామె తలెత్తి అడిగింది. "ఏటి బాబూ, టీవీ వోల్లా?"

"కాదమ్మా, ఊరికే."

"ఊరికే తీసి ఏటి సేసుకుంతావ్? ఏదీ, సూపించు."

చూపించాను. స్క్రీన్ వైపు కాసేపు చూసి, "సేప బాగా పడింది. నేనే నల్లగా పడ్డాను" అంది. బల్బు ఆమె వెనకుంది మరి. తనే లేచి, వెలుతురు మొహమ్మీద పడేలా ఇటు తిరిగి కూర్చుంది. ఆ రోజు తీసిన మంచి ఫొటోల్లో అదొకటి. తీసింది 50 ఎంఎం దగ్గర, మాట వినపడే దూరంలో.

"టీవీ వోల్లా?" అని అడగడానికి కారణముంది. 2023 నవంబరులో ఒక రాత్రి ఇదే హార్బర్‌లో మంటలు లేచి దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. కెమెరా అంటే ఇక్కడివాళ్లకి సరదా మాత్రమే కాదు. చేతిలో 135 ఎంఎం ఉంది కదా అని దూరం నుంచి దొంగచాటుగా తీయకండి. ముందు పలకరించండి, తీశాక చూపించండి. ఇంకో మాట: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేటకి నిషేధం. అప్పుడు వెళ్తే వేలం సందడి ఉండదు గానీ, బోట్లన్నీ వరసగా ఒడ్డునే కనిపిస్తాయి. వలలు బాగుచేసుకునేవాళ్లు మాట్లాడటానికి తీరిగ్గా దొరుకుతారు.

రాస్ హిల్ మీద నుంచి ఓడ

వన్‌టౌన్‌లో మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. చర్చి ఉన్నది రాస్ హిల్. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్, మధ్యలో పోర్టులోకి వెళ్లే నీటి దారి. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ రాకతో ఈ పోర్టు మొదలైంది. అప్పటి నుంచీ ఓడలు లోపలికి వెళ్లాలంటే ఈ కొండల ముందు నుంచే వెళ్లాలి.

ముందు టగ్ బోటు కనిపిస్తుంది, వెనకే ఓడ. చూస్తుండగానే దగ్గరికొచ్చి, చూస్తుండగానే దాటిపోతుంది. రెండు లెన్సులు మోసేవాడు ఇక్కడ ఒకటి విప్పి ఇంకోటి బిగించేలోపు ఓడ తోక మాత్రమే మిగులుతుంది. 18-135 మోసే పని చూడాలంటే ఇక్కడే చూడాలి. 18 దగ్గర కొండ, నీళ్లు, క్రేన్లు, ఓడ అన్నీ. రింగు తిప్పితే ఓడ ఒక్కటే. ఇంకా తిప్పితే డెక్ మీద నిలబడ్డ మనిషి హెల్మెట్ రంగు.

చిన్న లెక్క చెప్తాను, ఎక్కడైనా పనికొస్తుంది. 135 దగ్గర ఈ కెమెరా ఫ్రేమ్‌లో పట్టే వెడల్పు, దూరంలో ఆరో వంతు. అర కిలోమీటరు దూరంలో 80 మీటర్ల చిల్లర, కిలోమీటరు దూరంలో 165 మీటర్లు. అంటే అర కిలోమీటరు దూరంలో పోయే 200 మీటర్ల ఓడ మొత్తం కావాలంటే 55 ఎంఎం చాలు. అదే ఓడ మూడు కిలోమీటర్ల అవతల లంగరేసి ఉంటే, 135 దగ్గర కూడా ఫ్రేమ్‌లో సగం నిండదు. బీచ్ నుంచి ఓడల క్లోజప్‌లు కావాలనుకునేవాళ్లు ముందే ఆశ తగ్గించుకోవాలి. దానికి 300 ఎంఎం పైన ఉండే లెన్సులు కావాలి.

ఈ లెన్స్‌లో ఫోకస్ మోటారు వేగంగా, చప్పుడు లేకుండా పనిచేస్తుంది. ఓడ కదులుతుండగా తీసిన వీడియోలో మోటారు గరగర లేదు, గాలి హోరొక్కటే ఉంది.

ఒక హెచ్చరిక. చుట్టుపక్కల నౌకాదళ స్థావరం, డాక్‌యార్డు ఉన్నాయి. ఫొటోలు నిషేధమని బోర్డున్న చోట కెమెరా బయటికి తీయొద్దు, యుద్ధనౌకల వైపు తిప్పొద్దు. అనుమానం వస్తే అక్కడున్న సెక్యూరిటీ వాళ్లని అడగండి. డ్రోన్ సంగతి అసలు మర్చిపోండి.

కుర్సురా లోపల ఫోన్‌దే గెలుపు

ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా చూడనివాళ్లు తక్కువ. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002లో మ్యూజియం అయిన సబ్‌మెరైన్ ఇది. పొడవు 91 మీటర్లు. పక్క నుంచి మొత్తం ఒకే ఫ్రేమ్‌లో రావాలంటే 18 ఎంఎం దగ్గర కూడా 70 మీటర్ల పైన వెనక్కి నడవాలి. అంత వెనక్కి వెళ్తే మధ్యలో ఎన్ని తలలొస్తాయో ఆదివారం సాయంత్రం వెళ్లి చూడండి. ముక్కు దగ్గర నిలబడి ఏటవాలుగా తీయడమే తేలిక.

లోపల ఇంకా ఇరుకు. రెండు పక్కలా పైపులు, గేజీలు, వాల్వులు, తల వంచి దాటాల్సిన గుండ్రటి తలుపులు. వెనక్కి జరగడానికి చోటు లేదు, వెనక జనం తోస్తుంటారు. ఇక్కడ ఫోన్ అల్ట్రావైడ్ ముందు ఈ లెన్స్ నిలబడలేదు. టార్పెడో గది మొత్తం ఫోన్‌లో పడింది, లెన్స్‌లో సగమే పడింది.

కానీ ఇంకో పని చేసింది. 39 సెంటీమీటర్ల దగ్గరి దాకా ఇది ఫోకస్ అవుతుంది. 135 దగ్గర పెట్టి తీస్తే 8 సెంటీమీటర్ల వెడల్పు వస్తువు ఫ్రేమంతా నిండుతుంది. ఒక గేజీ మీద రష్యన్ అక్షరాలు, చేతులు తగిలి తగిలి రంగుపోయిన వాల్వు పిడి. గది మొత్తం చూపించే ఫొటోలు నెట్‌లో బోలెడున్నాయి. ఆ పిడి ఫొటో మాత్రం మీదే అవుతుంది. బయటికొచ్చాక బీచ్‌లో మూరీ మిక్చర్ పొట్లం మీద కూడా ఇదే పద్ధతి ప్రయత్నించండి, నిమ్మచుక్క మెరుపు దాకా పడుతుంది. మ్యూజియానికి సోమవారం సెలవు.

ఉప్పు గాలి సంగతి

రివ్యూల్లో ఒక్క లైనులో ముగించే విషయం, మన తీరంలో మాత్రం లెన్స్ ఆయుష్షు తేల్చేస్తుంది. ఈ లెన్స్‌కి వెదర్ సీలింగ్ లేదు. పైగా జూమ్ చేస్తే గొట్టం ముందుకి సాగుతుంది, సాగినప్పుడు బయటి గాలిని, దాంతోపాటు తేమని, ఇసుకని లోపలికి తీసుకుంటుంది.

బీచ్‌లో తిప్పాక ఇంటికెళ్లి మెత్తటి గుడ్డని కొద్దిగా తడిపి గొట్టం తుడవండి, ఆరాకే మూయండి. 67 ఎంఎం యూవీ ఫిల్టర్ పెడితే ఉప్పు పొర ముందు గ్లాసు మీద కాకుండా దాని మీద పడుతుంది. ఏసీ గదిలోంచి తీసి నేరుగా బీచ్ గాలిలోకి తెస్తే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది. అందుకే కెమెరాని బ్యాగులోనే ఉంచి ఓ ఇరవై నిమిషాలు ఆగండి. ఇంట్లో బీరువాలో బట్టల మధ్య పెడితే వర్షాకాలం గడిచేసరికి లోపల బూజు దారాలు కనిపించొచ్చు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, నాలుగు సిలికా జెల్ పొట్లాలు చాలు. ఒకే లెన్స్‌తో తిరగడంలో ఇంకో లాభం కూడా ఉంది. బీచ్‌లో లెన్స్ విప్పే పనే ఉండదు కాబట్టి సెన్సర్ మీద ఇసుక పడదు.

కైలాసగిరి, మర్నాడు పొద్దున

చాలామంది ఇక్కడికి సాయంత్రం వెళ్తారు. చల్లగా ఉంటుంది, నిజమే. ఫొటోకి మాత్రం పొద్దున మేలు. కొండ మీద నుంచి దక్షిణానికి చూస్తే తీరం వంపు తిరుగుతూ వెళ్లి డాల్ఫిన్స్ నోస్ దగ్గర ఆగుతుంది. సాయంత్రం సూర్యుడు అటువైపే ఉంటాడు, ఊరంతా తెల్లటి మసకలో మునుగుతుంది. పొద్దున సముద్రం వైపు నుంచి, అంటే మన ఎడమ నుంచి వెలుతురు పడి భవనాలు విడివిడిగా తేలతాయి.

డాల్ఫిన్స్ నోస్ ఇక్కడి నుంచి పది కిలోమీటర్లకి దగ్గరగా ఉంటుంది. అంత దూరాన్ని 135తో లాగితే మధ్యలో ఉన్న గాలి, తేమ, పొగ కూడా దగ్గరికొస్తాయి. కొండ బూడిదరంగు ముద్దలా పడితే లెన్స్‌ని తిట్టకండి. వాన వెలిసిన మర్నాడు వెళ్లండి, అదే లెన్స్ లైట్‌హౌస్‌ని కూడా విడిగా చూపిస్తుంది. మరోటి, 18 దగ్గర సముద్రపు గీత ఫ్రేమ్ పైఅంచుకి దగ్గరగా ఉంటే విల్లులా వంగి కనిపిస్తుంది. ఎడిటింగ్ యాప్‌లో లెన్స్ కరెక్షన్ ఆన్ చేస్తే సరిపోతుంది. లెన్స్ హుడ్ పెట్టెలో రాదు, విడిగా కొనాలి. మన ఎండకి అది ఉండాల్సిందే.

కూర్మన్నపాలెం గేటు ముందు

ఆఖరి మజిలీ స్టీల్‌ప్లాంట్. లోపల ఫొటోలు తీయనివ్వరు. బయట రోడ్డు మీద నిలబడ్డా ఈ చోటు బరువు తెలుస్తుంది. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో లేచిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. వేల కుటుంబాలు భూములిచ్చాయి. లోపల బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నారు. 2021 జనవరిలో కేంద్రం ప్రైవేటీకరణకి సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక ఈ కూడలి దీక్షా శిబిరాలతో నిండింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. టీ కొట్టు దగ్గర రెండు నిమిషాలు నిలబడితే మాట ఎటు మొదలైనా ప్లాంటు భవిష్యత్తు మీదికే వస్తుంది.

షిఫ్టు దిగి వచ్చిన ఒకాయన నా కెమెరా చూసి ఆగారు. "బాబూ, గేటు కనబడేలా నన్నొకటి తీస్తావా? వచ్చే ఏడు రిటైర్మెంట్. ఫోన్లో ఎన్నిసార్లు తీసినా గేటు అగ్గిపెట్టెలా పడుతోంది."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఫోన్‌తో మనిషికి రెండు మీటర్ల దూరంలో నిలబడతాం. గేటు ఆయన వెనక 40 మీటర్ల దూరంలో ఉంది. కెమెరా నుంచి చూస్తే మనిషి కంటే గేటు 21 రెట్లు దూరం. అందుకే మనిషి పెద్దగా, గేటు బొమ్మలా పడతాయి. ఆయన్ని అక్కడే నిలబెట్టి నేను 12 మీటర్లు వెనక్కి వెళ్లాను. ఇప్పుడు గేటు దూరం 52 మీటర్లు, అంటే నాలుగు రెట్ల పైచిలుకే. లెన్స్‌ని 85 దగ్గర పెడితే ఆయన ఎత్తు ఫ్రేమ్‌లో ముందులాగే నిండుగా ఉంది. వెనక గేటు మాత్రం ఫోన్ ఫొటోలో కంటే దాదాపు అయిదు రెట్లు పెరిగింది. మాయేమీ లేదు, వెనక్కి నడిచినందుకే అలా పడింది. లెన్స్ చేసింది ఒక్కటే, అంత వెనక్కి వెళ్లినా మనిషిని చిన్నగా పడనివ్వలేదు. ఫోన్‌తో అంతే వెనక్కి వెళ్లి తర్వాత కత్తిరించవచ్చు గానీ, గోడకి పెట్టేంత ప్రింటు రాదు. ఈ 24 మెగాపిక్సెల్ ఫైలు 12×18 అంగుళాల ప్రింటుకి హాయిగా సరిపోతుంది.

ఆయన స్క్రీన్ చూసుకుని ఏమీ అనలేదు. హెల్మెట్ తీసి, జుట్టు సర్దుకుని, "ఇంకొకటి" అన్నారు. ఫొటోలు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపాను. మామూలుగా పంపితే సైజు నలిగిపోతుంది.

మరి కొనాలా?

నా లెక్క ఇది. ఇరుకు గదులు, రాత్రి వీధి, స్నేహితుల గ్రూప్ ఫొటోలు, ప్లేటులో బిర్యానీ, ఇవే మీ ఫొటోలైతే ఫోన్ చాలు. డబ్బు దాచుకోండి. పెళ్లిళ్లు, ఫంక్షన్లు తీసి నాలుగు రాళ్లు సంపాదిద్దామనుకుంటే ఈ ఒక్కటీ చాలదు. రాత్రి మండపంలో ఎఫ్/5.6 ఏడిపిస్తుంది. తోడుగా 50 ఎంఎం ఎఫ్/1.8 కొనుక్కోండి. అది చిన్నది, 160 గ్రాములే, క్యానన్ లెన్సుల్లో చవకైనవాటిలో ఒకటి. మనుషుల్ని వాళ్ల ఊరితో కలిపి తీయాలనుంటే, రోజంతా నడుస్తూ ఏది ఎదురైతే అది తీసే అలవాటుంటే, ఈ లెన్స్ పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది.

వేరే కంపెనీ కెమెరా ఉన్నా ఇదే లెక్క. నికాన్‌లో 18-140, సోనీలో 325 గ్రాముల 18-135, ఫ్యూజీలో తేమని తట్టుకునే 18-135 ఉన్నాయి. క్యానన్ కొత్త మిర్రర్‌లెస్ బాడీలకి 310 గ్రాముల ఆర్ఎఫ్-ఎస్ 18-150 వచ్చింది. పాత ఈఎఫ్-ఎస్ లెన్స్ కూడా అడాప్టర్‌తో వాటి మీద పనిచేస్తుంది.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు ఫోన్ టార్చి వెనక నుంచి వేసి లోపల బూజు దారాలున్నాయేమో చూడండి. తీరం ఊళ్లలో ఇది తప్పనిసరి. జూమ్ రింగు తిప్పితే ఇసుక నలిగిన చప్పుడు రాకూడదు. 18 దగ్గర, 135 దగ్గర ఒక్కో గోడ ఫొటో తీసి నాలుగు మూలలూ ఒకేలా ఉన్నాయో లేదో పెద్దది చేసి చూడండి.

అన్నిటికంటే ముందు ఒక వారాంతం అద్దెకి తీసుకుని మీ ఊరు తిరగండి. ఇంటికొచ్చాక గ్యాలరీలో ఫొటో వివరాలు తెరవండి, ఏది ఏ ఫోకల్ లెంగ్త్‌తో తీశారో అక్కడే ఉంటుంది. మూడొంతుల ఫొటోలు 18 నుంచి 30 మధ్యే ఉంటే, మీకు నచ్చిన లెన్స్ ఇప్పటికే మీ జేబులో ఉంది. సగానికి పైగా 50 దాటితే ఇంట్లో అడిగే ప్రశ్నకి మీ దగ్గర జవాబున్నట్టే.